వాలు

మా ఆటోనగర్ షెడ్డుకు తెలిసింది పదహారు డిగ్రీల వాలే.
ఏ డాబా మీదికైనా, ఏ చేపల చెరువు గట్టుకైనా
అదే కొలతకు కోసి పంపితే
గుంటూరు సూర్యుడు కిక్కురుమనకుండా పనిలో దిగేవాడు.

నిరుడు లద్దాఖ్‌లో ఒక బడికీ అదే పంపాను.
మార్చిలో ఫొటో వచ్చింది:
పలకల మీద మంచు, దిగనని భీష్మించినట్టు.
కింద ముందు కాళ్లు
గొంతుక్కూర్చున్నాయి.
డబ్బు వెనక్కి అడగలేదు వాళ్లు.
ఫొటో ఒక్కటే.

డ్రాయింగులు గీసే సువార్తమ్మ అంది:
"మంచంటే దూదనుకున్నావు ఖాజావలీ,
అది వానకు తడిసిన పత్తి బేలు."

ఈసారి అరవై డిగ్రీలు. దాదాపు నిలబెట్టినట్టే.
పడ్డ మంచు తనంతట తాను జారాలి,
జారి కుప్పైనా పలక అంచును తాకకూడదు,
అందుకని ముందు కాళ్లు నడుమెత్తు.
పునాది, నేల గడ్డకట్టే లోతు దాటి ఇంకా కిందికి.
లేకపోతే నేలే ఉబ్బి పైకి తంతుందట.
రోహిణిలో రోళ్లు పగులుతాయని విన్నాను గానీ
చలికి ఇనుము పగులుతుందని
మా వీధిలో ఎవరూ అనలేదు.
బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా తీశాం,
ముడుచుకునే ఇనుము
కాస్త ఒత్తిగిలడానికి.

కాగితం మీద అంతా సరే.
నాకే మనసొప్పక
ఏటుకూరు రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి ఒక ఫ్రేము మోసుకుపోయాను.
బయట నలభై అయిదు.
లోపల తేజా టిక్కీల మధ్య తుమ్ముతూ బిగిస్తున్నా.
అక్కడి చలికి ఇది పసిపిల్లని తెలుసు.
పావుగంటకే ఎనిమిదో నట్టు వేళ్ల సందున జారింది.
తొమ్మిదోదీ.
నేల మీద తడుముకుంటుంటే
హమాలీ ఏసుపాదం, మంకీ క్యాపు తియ్యకుండానే,
"లోపల ముడేసే పని పెట్టుకోమండీ,
ముళ్లన్నీ బయటే వేసుకొస్తాం" అన్నాడు.

తిరిగొచ్చి, అక్కడ బిగించాల్సిన ముప్పై రెండు బోల్టుల్ని
నాలుగు చేశాను.
మిగిలినవన్నీ ఇక్కడే, ఈ ఎండలో,
కళ్లలోకి చెమట దిగుతుంటే నేనే బిగించాను.
ఆ నాలుగింటికీ మాత్రం
అరచేతికి నిండే తలలు,
ఉన్ని తొడుగుల్లోంచి కూడా పట్టు దొరికేంత.

లారీకెక్కిస్తుంటే సువార్తమ్మ ఒకదాన్ని చేత్తో తిప్పి చూసి
"అందంగా లేవు" అంది.
లేవు.