వెంట్రుకవాసి

బౌల్డర్‌లో మార్చి మంచు. బయట మైనస్ పదకొండు.
మా పాత్రకి అది మండుటెండ.

చలికి అడుగు అనేది ఉంటే
దానికి రెండు డిగ్రీల పైన బతికే ద్రవం లోపల.
వేలు సోకకూడదు, వెలుగు సోకకూడదు.
సెన్సర్‌కి పోయే తీగ కూడా దొంగే,
ఎంత సన్నగా లాగినా
కాస్త వేడి చంకన పెట్టుకునే వస్తుంది.
రాకెట్ కుదుపుకి తెగనంత లావు పట్టీలు కావాలి,
వేడి నడవలేనంత సన్నవీ కావాలి.
ఈ రెండు వాక్యాల మధ్య నాకు నాలుగేళ్ళు గడిచాయి.

ఇంత తంటా దేనికని ఇంటి ఓనరు అడిగాడు.
మూడు సెంటీమీటర్ల హీలియంలో
పై పొర బరువు కింది పొర మోస్తుంది,
అందుకే రెండూ ఒకే క్షణాన మారవు, అన్నాను.
బరువే లేని చోట నిలువునా ఒక్కసారి మారుతుంది.
చూడాల్సింది ఆ క్షణాన్నే.
అతను అద్దె సంగతి ఎత్తాడు.

బరువు లేకపోతే ఇంకో చిక్కు.
ద్రవం అడుగున కూర్చోదు, ఆవిరి పైకి పోదు.
మూతి తెరిస్తే అంతా పోతుంది, మూస్తే పేలుతుంది.
అందుకని మూతికి ఉక్కు పొడి కాల్చిన బిళ్ళ:
కూజా చెమర్చినట్టు
ఆవిరి మాత్రం బయటికి,
పోతూ పోతూ లోపలున్నదాన్ని చల్లబరుస్తూ.
డెల్బర్ట్ హ్రుస్కాకి కూజా బొమ్మ గీసి చూపించాను.
ముప్పై ఏళ్ళుగా ఈ బిళ్ళలు కాలుస్తున్న మనిషి
చాలాసేపు చూసి
"ఆవం ఎంత వేడి?" అని మాత్రం అడిగాడు.

గది వేడిలో కారలేదు.
నైట్రోజన్ చలిలో కారలేదు.
రెండున్నర దాకా కారలేదు.
రెండు దగ్గర, తెల్లారుజామున మూడింటికి,
సూది ఎగిరింది.
అంత చలిలో హీలియంకి జిగురుండదు,
గాలి దూరని సందులోంచి తాపీగా నడిచొస్తుంది.

తిరిగి వేడెక్కించడానికి తొమ్మిది రోజులు.
పదో రోజు డెల్బర్ట్ మూత విప్పి
ఇండియం సీలు మీద భూతద్దం పెట్టి నన్ను పిలిచాడు.
మెత్తటి వెండి రంగులో అడ్డంగా ఒక గీత.
నల్లగా, పొడుగ్గా, కొస కాస్త వంకరగా.
ఆ గదిలో తక్కినవన్నీ పొట్టి క్రాపులు.
డెల్బర్ట్‌ది బట్టతల.

పైకి పోయాక కారితే
బిగించడానికి అక్కడ చెయ్యి లేదు.
ఐదువందల రోజుల చలి నలభై రోజుల్లో ఆవిరి.
వెంట్రుకవాసిలో తప్పింది అంటాం కదా,
ఆ వాసి ఎంతో
ఇప్పుడు మైక్రాన్లలో చెప్పగలను.

అతను దాన్ని పట్టకారుతో తీసి
ప్లాస్టిక్ సంచీలో వేసి తేదీ రాశాడు.
పేరు రాసే చోట ఖాళీ వదిలి
పెన్ను నా వైపు జరిపాడు.