ఆలస్యంగా వచ్చిన పెట్టె

గన్నవరం నుంచి ఫోను.
"మేడమ్, మీ పెట్టె వచ్చింది, సంతకం పెట్టి తీసుకెళ్ళండి."
ముప్ఫై ఎనిమిది రోజులకి.
నాకంటే ఎక్కువ దేశాలు తిరిగినట్టుంది,
ఒక చక్రం లేదు, మెడలో మూడు చీటీలు.

గుంటూరు బస్సులో పక్కసీట్లో కూర్చోబెట్టుకున్నాను.
కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు.
వారధి మీద కిటికీలోంచి చూస్తే
కృష్ణలో నీళ్ళకన్నా ఇసకే ఎక్కువ.
ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

బ్రాడీపేటలో, రెండో అంతస్తు గదిలో,
పాత పేపరు పరిచి తెరిచాను.
కందిపొడి పొట్లం పగిలి బట్టలన్నిటికీ పసుపు నలుగు.
మూడు తాళాలు. గ్యాస్ మాత్రలు.
పాస్‌పోర్టు జిరాక్సులు, లెక్కపెట్టాను, పదకొండు.
ఒక నోటుబుక్కు:
జ్వరమొస్తే, దారి తప్పితే, ఎవడైనా వెంటపడితే,
భూకంపమొస్తే ఏం చెయ్యాలో
నాలుగు పేజీలు, ఎర్రసిరాతో గీతలు.
పెట్టె పోతే ఏం చెయ్యాలో కూడా ఉంది,
చక్కగా, ఐదు అంకెలు వేసి.
పెట్టెలోనే ఉంది.

తిబిలీసిలో ఆ రాత్రి
బెల్టు తిరిగి తిరిగి ఖాళీగా ఆగింది.
గోడలోని మిషను నా కార్డు మింగి
థాంక్యూ అని కూడా అనలేదు.
కుతైసీ పోయే చివరి వ్యాను వెళ్ళిపోయింది.
ఫోను ఒక్క శాతం మీద కాసేపు ఊగి పడిపోయింది.
ఆ ఊరి అక్షరాలు మన జంతికల్లా గుండ్రంగా ఉంటాయి,
మనవేనేమో అని చదవబోయి
రెండుసార్లు మోసపోయాను.
ఛాతీలో ఎవరో మిక్సీ వేసి
మూత పెట్టడం మర్చిపోయారు.

నలభై ఆరేళ్ళదాన్ని.
మిర్చి యార్డులో టిక్కీల లెక్కలో
ఇప్పటిదాకా ఒక్కటి తేడా రానిదాన్ని.
బస్టాండు బెంచీ మీద
ఎడమచెప్పు ఏదో కుడిచెప్పు ఏదో తెలియలేదు.

యార్డులో నా మొదటిరోజు గుర్తొచ్చింది.
పంతొమ్మిదేళ్ళు, కొత్త పెన్ను, ఏసీ గోడౌను బయట
గుట్టలు గుట్టలుగా తేజ కాయ.
పావుగంటలో కళ్ళు లేవు, గొంతు లేదు.
తొడిమలు తీస్తున్న మీరాబీ తలెత్తకుండానే అంది:
"ఊపిరి బిగబట్టమాక పాపా,
బిగబడితే ఘాటు లోపలే కాపురం పెట్టుద్ది.
కొంచెం కొంచెం పీల్చు.
దగ్గొస్తే దగ్గు. ఇక్కడ ఎవురికి సిగ్గు?"

దగ్గాను, తిబిలీసి బస్టాండులో.
రాని దగ్గు తెచ్చుకుని దగ్గాను.
ఊడుస్తున్న ముసలాయన చీపురాపి చూసి
తన పని తను చూసుకున్నాడు.
కొంచెం పీల్చాను. ఇంకొంచెం.

భయం పోయిందని చెప్పను.
జరిగింది, అంతే.
బస్సులో లావాటి మనిషి మొహమాటానికి జరిగినట్టు,
ఓ నాలుగంగుళాలు.
ఆ నాలుగంగుళాల్లోనే
టీ కొట్టు పిల్లని సైగలతో ఛార్జరడిగాను,
చున్నీ అంచులో కుట్టుకున్న నోట్లు పళ్ళతో విప్పాను,
తెల్లారేదాకా కునుకు తీశాను.
పొద్దున ఒక చొక్కా, బ్రష్షు, మగవాళ్ళ మేజోళ్ళు కొన్నాను.

తొమ్మిది రోజులు ఆ చొక్కాతోనే.
మళ్ళీ ఒకసారి తప్పు వ్యాను ఎక్కి
పేరు పలకలేని ఊళ్ళో దిగాను.
వాన, ఒక వంతెన, వేడి రొట్టె.
అక్కడ చూడాల్సిందేమీ లేదు.
పూటంతా చూశాను.
నడుమ ఇంకో రాత్రి బాత్రూములో కూర్చుని ఏడ్చాను కూడా,
కారణం ఏమీ లేకుండానే.

ఇప్పుడు నోటుబుక్కు మళ్ళీ చదువుతుంటే
ఆ దస్తూరీ మీద నవ్వొచ్చింది.
భూకంపమట, పిచ్చిది.
నాలుగో పేజీకొచ్చేసరికి నవ్వాగింది.
అక్షరాలు లైను దాటి వణికాయి అక్కడ.
ఆ వణికే చేత్తోనే కదా టిక్కెట్టు కొన్నది.
పదకొండు జిరాక్సులు తీయించుకుని,
ఎవరికీ చెప్పకుండా,
తెల్లవారుజామున మూడింటికి ఆటో ఎక్కింది.
తిరిగొచ్చింది నేనే కావచ్చు.
బయల్దేరింది మాత్రం ఆవిడ.

కందిపొడి దులిపి బట్టలు నానబెట్టాను.
నోటుబుక్కు దులపలేదు.
రేపు పట్నంబజారులో
చక్రం ఎంతో కనుక్కోవాలి.