పళ్లెం కింద చింతపండు

బేగంబజార్ల మిర్చి ఘాటుకు తుమ్ముకుంట పోతే
ఒక సందు చివర బుర్హాన్ సాబ్.
దుకాణమంటే గోడ, గోడకు మేకులు,
మేకుకొక తక్కెడ.
గాలొచ్చినప్పుడల్లా అన్నీ కలిసి
ఏమీ లేనిదాన్ని తూస్తుంటయి.

నాది రాత్రి కొలువు.
గచ్చిబౌలిల పదకొండో అంతస్తు,
గోడ మీద లండన్ టైం.
దేశాలకు మార్కులేస్తం మేము,
ఎవరిని ఎంత వడ్డీకి నమ్మొచ్చో.
నిన్న నా వంతుకు ఒక రాగిగనుల దేశం వచ్చింది.
పేరు చెప్పొద్దు, సంతకం పెట్టిన.
రైలు పట్టా ఉన్నది దానికి, ఒక్కటే,
గని నోట్ల మొదలై రేవు నోట్ల ముగుస్తది.
నడుమ ఊర్లు దాన్ని చూసుకుంట నిలబడ్డయి.
"రవాణా వసతులు: బలహీనం" అని గడి నింపిన.
ఆ పట్టా ఎవరేసిన్రో, ఎందుకేసిన్రో
రాయనీకి గడి లేదు.

తెల్లారి నిద్రమొకంతోనే
అమ్మ త్రాసు సంచిల పెట్టుకొని ఇటొచ్చిన.
మెహిదీపట్నం రోడ్డు మీద టమాట అమ్ముతది అమ్మ.
గంప ఖాళీ అయితది, లెక్క మాత్రం నిండదు.
"నా చెయ్యే మంచిది కాదు బిడ్డా" అంటది.

బుర్హాన్ సాబ్ రాళ్లు తిప్పి తిప్పి చూసిండు.
కిలో, అద్దకిలో, పావు. సర్కారు ముద్రలన్నీ ఉన్నయి.
"రాళ్లు సాఫ్. వీటి మీద ఏ కేసూ నిలవది."
తర్వాత పళ్లెం బోర్లించిండు.
అడుగున నల్లగ, రాయి లెక్క గట్టిపడ్డ
చింతపండు.

"రాళ్ల దిక్కు అంటించిండంటే వాడు అమ్మేటోడు కాదు,
కొనేటోడు. రైతుల దగ్గర కొన్నట్టున్నడు.
సెకండ్‌హ్యాండ్ల తీసుకున్నరా ఇది?"
అవునన్న.
"వాడు పోయిండు. చింతపండు ఉన్నది."

గీకుకుంట గీకుకుంట ముచ్చట పెట్టిండు.
వాళ్ల అబ్బా చార్‌కమాన్ల సరాఫు దగ్గర గుమాస్తా.
ఏడు హాలీలిస్తె ఆరు కల్దార్లు.
"ఏడోది ఏడ పోయింది అబ్బా అని అడిగేటోన్ని.
కోఠీ దిక్కు చూపిచ్చి గమ్మున కూసునేటోడు."
కోఠీ అంటే నేను చదివిన కాలేజే.
ఆ సింహాల మెట్ల మీద పల్లీలు తినుకుంట
ఎకనామిక్స్ పరీక్షకు బట్టీ కొట్టిన,
పేద దేశాలు పేదగ ఎందుకున్నయో
అయిదు కారణాలు. అయిదూ వాళ్లయే, ఆ దేశాలయే.
పూర్తి మార్కులొచ్చినయి నాకు.

"మరి మన దొరలు?" అన్న, ఊకోలేక.
"వాళ్లకు వేరే త్రాసు ఎక్కడిది బిడ్డా,
ఇదే కిరాయికి తెచ్చుకున్నరు" అన్నడు.
నవ్వుతడనుకున్న. నవ్వలే.
నలభై రూపాయలు తీసుకున్నడు.

సాయంత్రం అమ్మ పక్కన నిలబడ్డ.
ముల్లు నడిమధ్యల ఆగింది, మొదటిసారి.
అమ్మ దాన్ని నమ్మలే.
వంగి చూసింది, పళ్లెం తట్టింది,
"తేలికైంది, ఏందో తేడా ఉన్నది" అని
కిలో తూగినంక గూడ
ఇంకో రెండు టమాటలు ఏసింది.
చింతపండు తీసేసినమని చెప్పిన.
విన్నది. తలూపింది.
తర్వాతొచ్చినామెకు మళ్ల రెండేసింది.

ఎనిమిదింటికి షటిల్ వస్తది.
ఆ దేశం ఫైలు ఇంకా తెరిచే ఉన్నది,
పొద్దున్లోపల పంపాలె.
నా గోర్ల సందుల ఇంకా
పుల్లటి వాసన.