నలభై ఒకటో నంబరు

ఛత్తా బజార్‌లో మా దుకాణం మెట్ల కింద.
పెళ్లికార్డులు మానేసి ఫ్లెక్సులకు దిగినప్పటి నుంచి
ఎన్నికలే మాకు లగ్గాల సీజను.

రాత్రి పదకొండింటికి వచ్చిండు గంగాకిషన్,
ప్రచార కమిటీ, అంబర్‌పేట.
పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి
నాకు కూడా చాయ్ చెప్పిండు.
"ఇది ఊరికే తిట్టుడు గాదు తమ్మీ, సైన్సు."

తెరిచిన.
రెండు పుర్రెలు, వాటికి బాణం గుర్తులు,
ముక్కు వెడల్పును పొడుగుతో భాగించిన లెక్క,
దశాంశం తర్వాత రెండంకెలు.
అబద్ధానికి దశాంశం తొడిగితే
ఎంత బుద్ధిగ కూసుంటదో!

నడుమ ఒక పాత ఫొటో.
ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి.
ఛాతీ మీద పలక: 41.
వెనుక నిలబెట్టిన కొలబద్ద.
పేరు లేదు.
ఏ దొర, ఏ గుడారం ముందట నిలబెట్టిండో,
కండ్లల్ల ఎండ పడుతున్నా
రెప్ప కొట్టొద్దన్నట్టున్నరు.

ఒక్కటే చిక్కు.
పైన రాసిన మాటకు ఆ ముక్కు ఒప్పుకుంటలేదు.
గంగాకిషన్ ముక్కు కన్నా
ఒక పిసరు సక్కగనే ఉన్నది.
"జర ఎడల్పు చెయ్, ఓటర్లకు సమజ్ గావాలె.
తల పైనుంచి నొక్కు.
రంగు దించు. మా సారుది పెంచు."

చేసిన. దాచుడెందుకు?
మౌస్ పట్టుకొని
ఆరు నిమిషాలల్ల ఒక జాతిని తయారు చేసిన.
చదరపు అడుగుకు పన్నెండు రూపాయలు,
డిజైను ఉచితం.

మిషన్‌కు తెలిసినవి నాలుగే సిరాలు.
సారు చెంపకూ నలభై ఒకటి చెంపకూ
అవే డబ్బాలు.
తెల్లారేదాకా అటూ ఇటూ ఉరికింది.
మొహం కడుక్కుంటూ అద్దంల
నా ముక్కును రెండు వేళ్లతో పట్టి చూసుకున్న.
కొలుచుకున్ననని మాత్రం ఒప్పుకోను.

ఓట్లయిపోయినయ్.
గోల్నాక మలుపుల ఒక తోపుడుబండి కాలిపోయింది.
దాని మీద ఉడకబెట్టిన పల్లీలు అమ్మేటాయన
మళ్ల అటు రాలేదు.
ఎవ్వరూ ఫ్లెక్సు పేరెత్తలే.
నేనూ ఎత్తలే.

వానలల్ల, చాదర్‌ఘాట్ కాడ, మూసీ ఒడ్డున
ఒక గుడిసెకు గోడయి కనిపించింది.
సారు మొహం మడతల పడ్డది.
నలభై ఒకటి ఇంకా నిలబడే ఉన్నడు, రెప్ప కొట్టకుంట.
ఒకామె బిడ్డను ఆ కొలబద్దకు ఆనించి
నెత్తి మీదుగ బొగ్గుతో గీత గీసింది.
కింద పోయిన నెల గీత.
"సూడు, ఎంత పెరిగినవో!"

తల నొక్కినప్పుడు
కొలబద్ద కూడా నలిగింది.
దాంట్ల ఏ అంగుళమూ అంగుళం గాదు.

ఆమెకు చెప్పలే.