పన్నెండణాల నొప్పి

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
మేడ మీద కీళ్ల డాక్టరమ్మ గది,
కింద మందుల కిటికీ, కిటికీ వెనక నేను.
ఆ యేడు అరవై మందికి అరవై సీసాలిచ్చాను.
అన్నీ తెల్ల బిళ్ళలే. సీసాలకు అంకెలే గాని పేర్లు లేవు.
సగం సీసాల్లో మందు, సగంలో వట్టి తీపి,
ఏదైనా రావచ్చని ముందే చెప్పి వేలిముద్రలు తీసుకున్నాం.
ఏది ఎవరికో నాకు తెలీదు, డాక్టరమ్మకూ తెలీదు.
తెలిసిన కాగితం లక్క వేసిన కవర్లో
నా చిట్టా పుస్తకం కింద పడుకుని ఉంది.

ఇరవై మూడో నంబరు మస్తాన్‌బీ.
పట్నంబజారు దర్జీలకు కాజాలు కుడుతుంది.
వేళ్లు అల్లం కొమ్ముల్లా ముడులు పడ్డాయి.
ఉంగరం ఎప్పుడో కోసి తీశారు, మచ్చ అలాగే ఉంది.
"నొప్పి పదికి ఎంతమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే
"పది లెక్క నాకు పడదు తల్లీ,
రూపాయికి పన్నెండణాలు" అంది.
ఏడున్నర అని రాసుకున్నాను.

రెండో నెల పదణాలు.
మూడో నెల ఆరుకి దిగింది.
సూదిలోకి దారం తనే ఎక్కించి చూపించింది
కిటికీ చువ్వల మధ్య, సరిగ్గా నా ముక్కు ముందు.
ముసురు పట్టిన వారం మళ్ళీ తొమ్మిదంది.
అబద్ధమాడే మనిషి కాదు.

ముప్పై ఒకటో నంబరు అంకమ్మరావు,
యార్డులో మిర్చి టిక్కీలు మోసి మోసి మోకాళ్లు అరిగినవాడు.
"సుద్దముక్కలిచ్చి మాయ చేస్తున్నారండీ.
మా మావ వేసుకునేది ఎర్రబిళ్ళ.
మింగితే చెమట పట్టుద్ది. అదీ మందంటే."
పద్నాలుగణాలతో మెట్లెక్కి
పద్నాలుగణాలతోనే దిగేవాడు,
పక్కకి, ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ.

కవరు విప్పిన రోజు
ముప్పై ఒకటి: మందు.
ఇరవై మూడు: చక్కెర.
అంకమ్మరావు నమ్మలేదు, కాగితం మళ్ళీ చూపించమన్నాడు.
మస్తాన్‌బీకి చెప్పే పని నాకు పడింది.

గొంతు సవరించుకున్నాను.
తగ్గిందనుకున్న ఆరణాలూ
జేబులోంచి లాక్కుంటున్నట్టుంది నాకు.
"నీ సీసాలో ఉన్నది మందు కాదు, మస్తాన్‌బీ..."
నవ్వింది, పైపన్ను లేని నవ్వు.
"చీమలకి తెలిసింది నాకు తెలీదా అయ్యా?
రెండో వారమే బారు కట్టాయి
గోడ మీంచి సీసా మూత దాకా.
చేదు మందుకి చీమ వస్తదా?"

మరెందుకు వేసుకున్నట్టు?

"నలభై ఏళ్లు కాజాలు లెక్కపెట్టారు గాని
వేళ్లు ఎవరు లెక్కపెట్టారు?
ఆ తల్లి నెలకోసారి కణుపు కణుపూ పట్టుకుని
ఇక్కడా? ఇక్కడా? అనడిగేది.
రాత్రి బిళ్ళ నాలిక మీద పెట్టుకుంటే
ఆ 'ఇక్కడా' కరిగేది.
అదే పనిచేసిందో, చక్కెరే చేసిందో,
నిద్రే పట్టిందో... నాకేం తెలుసు."

ఎక్సరే తీశాం. ఎముకలు మునుపటి ఎముకలే, ముడికి ముడి.
నొప్పి మాత్రం ఆరణాలు.
మిగతా ఆరణాలు ఎటు పోయాయో
నా చిట్టాలో జమకు రాలేదు.

ఇంకో అరవై కట్టివ్వమంది.
"తెలిసి కూడానా?"
"తెలిసే కదా ఇన్నాళ్లూ."

కట్టాను. రాత్రి ఒకటి, అన్నం తిన్నాక, అని రాశాను.
మందు పేరు రాసేచోట కలం ఆగింది.
తారీఖు వేశాను.

"సీసాని నీళ్ల పళ్ళెంలో పెట్టుకో, చీమలు..." అంటుంటే
అల్లం వేళ్ల చెయ్యి అడ్డం పెట్టింది.
"వారానికొకటి వాటికి వదిలేస్తన్నాలే.
ఆరేసి కాళ్లు కదా పాపం,
ఎన్ని కీళ్లో."