చెవులతో మొదలు

ఉకెరెవె దీవిలో కోడి కూయకముందే
మా ఇంట్లో ఒక మూత తిరుగుతుంది.
తెల్ల డబ్బా, సగానికి దిగిన లేపనం.
పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద
తమ్ముడు కళ్ళు మూసుకుని కూర్చుంటాడు.
నేను చెవులతో మొదలుపెడతాను.

ముఖం ఎవరికైనా గుర్తుంటుంది.
చెవుల వెనక మడత,
మెడ మీద జుట్టు ఆగిపోయే గీత,
చెప్పు వార్ల మధ్య మిగిలిన పాదం,
ఎండ వెతుక్కుంటూ వచ్చేది వీటికోసమే.
మనం మరిచిన చోటు దానికి కంఠతా వచ్చు.

నాది అమ్మ రంగు,
రేవులో బోర్లించిన పడవ అడుగు రంగు.
మగేసాది ఇంట్లో ఎవరి రంగూ కాదు.
పుట్టిన రాత్రి మంత్రసాని వాణ్ణి
దీపం దగ్గరికి తెచ్చి, మళ్ళీ దూరం జరిపిందట.
మీగడ, అంది నాన్నమ్మ.
ఇంకో మాట అన్నవాళ్ళూ ఉన్నారు.
ఆ మాట మా గడప లోపల ఎవరం పలకం.

ఆసుపత్రిలో నర్సు న్యంజిగె చెప్పింది:
"ఎండ వీడికి ఇచ్చేది చిటికెడు, పట్టుకుపోయేది తట్టెడు.
అది ఇవ్వనిది చేప ఇస్తుంది. పెట్టండి."
అందుకని పొద్దున ఉడికిన చిలగడదుంప,
మధ్యాహ్నం ఎండు డగా చేపల పులుసు,
చేతికందిన రోజు నారింజ.
డగాలు వేలి గోరంత ఉంటాయి.
తలతో, కళ్ళతో సహా నములుతాడు.
"ఇన్ని కళ్ళు మింగుతున్నాను కదక్కా,
బోర్డు మీద అక్షరాలు ఎప్పుడు కనిపిస్తాయి?"
ముందు బెంచీలో కూర్చున్నా
పక్కవాడి పలక చూసే రాసుకుంటాడు.

బడికి పదకొండు నీడలు.
మామిడి, చర్చి గోడ, సైకిళ్ళ కొట్టు పరదా,
ఆ తర్వాతివి వాడికే తెలుసు.
ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఏమీ లేదు,
టోపీ అంచు రెండు చేతులా పట్టుకుని పరుగు.
వానలకు ముందు రోడ్డు కోసం ఒక చెట్టు కొట్టేశారు.
ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి
"ఇప్పుడు పది" అని మాత్రం అన్నాడు.

నీరెండ వేళ,
సరస్సు మీద వెలుగు పల్చబడ్డాకే
అమ్మ ఆటకి వదిలేది, పొడుగు చేతుల చొక్కాతో.
చీకటి పడితే మళ్ళీ లోపలికి.
పగలు ఎండ భయం, రాత్రి మనుషుల భయం.
రెంటికీ నడుమ ఒక గంట వాడి బాల్యం.

చెవులతో ఎందుకు మొదలో చెప్పలేదు కదూ.
పోయినేడు కర్రపెండలం ఎండబెట్టే రోజుల్లో,
సంత పడవ కూత విని తొందరపడ్డాను.
ఎడమ చెవి వదిలేశాను.
సాయంత్రానికి అది కాల్చిన మిరపకాయలా ఉబ్బింది,
చివర నీటి బొబ్బ.
అమ్మ నా వైపు తిరిగేలోపే వాడన్నాడు:
"అక్క రాసింది. నేనే సరస్సులో కడిగేసుకున్నా."
దెబ్బలు వాడు తిన్నాడు.
ఆ రాత్రి బొబ్బ మీద తడిగుడ్డ వేస్తూ
మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మొన్న అమావాస్యకి నాన్న వాణ్ణి ఒడ్డుకి తీసుకెళ్ళాడు.
డగా వేటకి పోయిన పడవల దీపాలు
నీళ్ళ మీద వరసగా ఊగుతున్నాయి.
మగేసా చొక్కా విప్పేశాడు.
ఒంటి మీద లేపనం లేదు, తల మీద టోపీ లేదు,
గాలి చెవుల్లోంచి దూరి పోతోంది.
"పెద్దయ్యాక రాత్రి చేపలే పడతా" అన్నాడు.
అమ్మ వెనకే వచ్చింది.
అలవాటు కొద్దీ చేతిలో టోపీ తెచ్చింది.
ఎవరికీ ఇవ్వకుండా గుండెలకి ఆనించుకుంది.

ఇవాళ డబ్బా అడుగు వేలికి తగిలింది.
ఆసుపత్రి పడవ ఎప్పుడొస్తుందో రేవులో ఎవరికీ తెలీదు.
ఒళ్ళంతా రాస్తే నాలుగు రోజులు.
చెవులకి మాత్రమే అయితే ఇంకా చాలా రోజులు.
ఎడమది ముందు.