ఎడమ కాలివి మాత్రమే

ఉలాన్‌బాతర్ నుంచి పెట్టె వచ్చింది.
దూది చుట్ట ఒకటి, అట్టముక్కలు నలభై,
నల్ల స్కెచ్ పెన్నులు,
ఎలా చేయాలో చెప్పే బొమ్మల కాగితం.
గొర్రెను కత్తిరించండి, జిగురు రాయండి, దూది అంటించండి.
పాఠం: తప్పిపోయిన గొర్రె. లూకా పదిహేను.
సమయం: ఇరవై నిమిషాలు.

జిగురు సీసా దారిలోనే గడ్డకట్టింది.
పొయ్యి మీద మైదా ఉడకబెట్టాను.
పిడకల పొగకి కళ్లు తుడుచుకుంటూ
తొమ్మిది మంది గుడారంలో పడమటి గోడకు ఆనుకుని కూర్చున్నారు.
టోపీలు తీయమంటే తీయలేదు.
నేనూ పట్టుబట్టలేదు.

మొదటి తప్పు ఖొంగోర్జుల్ పట్టింది.
"టీచర్, చెవికోత ఏది? ఇది ఎవరిదని చెప్పను?"
దాంతో తొమ్మిది గొర్రెల చెవులూ తెగాయి,
ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిది.
తోకలో కొవ్వు చాల్లేదని
ఇంకొకడు దూది మరికాస్త లాగాడు.

కథ చెప్పాను.
నూరు గొర్రెలు. ఒకటి తప్పిపోయింది.
కాపరి తొంభైతొమ్మిదింటినీ అడవిలో విడిచి...

"ఎవరి మీద విడిచి?"
మళ్లీ ఖొంగోర్జులే.
"తోడేలుకి ఆ కబురు అందదా?"

నా కాగితంలో జవాబు లేదు.
మిగిలిన అట్టతో అదే ఒక కుక్కను చేసింది.
బొగ్గుతో నల్లగా రుద్ది
కళ్లపైన రెండు పసుపు చుక్కలు పెట్టి
మందకు కాపలాగా నిలబెట్టింది.
"ఇక ఆయన్ని వెళ్లమనండి."

ఎనెబిష్ మాత్రం కత్తెర ముట్టలేదు.
'వీడు కాడు' అని ఆ పేరుకి అర్థం.
వాడి ముందు ఇద్దరు పోయారట.
చావు మళ్లీ వచ్చి పిలిస్తే
గుమ్మంలోనే తికమకపడి పోవాలని ఆ పేరు.

వాడు అంగీలోంచి సంచి తీసి
కంబళి మీద బోర్లించాడు.
శగైలు. గొర్రెల చీలమండ ఎముకలు.
మా దగ్గర వాటితో ఆడని బాల్యం లేదు.
ఒక వైపు గుర్రం, ఒక వైపు ఒంటె,
ఒక వైపు మేక, ఒక వైపు గొర్రె.
ఒక్కొక్కటే తిప్పి
గొర్రె వైపే పైకి వచ్చేలా పేర్చాడు.
చాలాసేపు పట్టింది.
"అరవై మూడు," అన్నాడు.
"ఎడమ కాలివి మాత్రమే తీశాను.
లెక్క తప్పకూడదని."

మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి
గడ్డికి తాళం పడిన చలికాలం అది.
జుద్ అంటాం.
ఫిబ్రవరిలో వాళ్ల దొడ్డి వెనక
కట్టెల్లా పేర్చినవాటిని నేనూ చూశాను,
చూసి, అడుగు వేగం పెంచాను.

"మాకు మిగిలింది ఒకటి. పొయ్యి పక్కన కట్టేశాం.
అది తప్పిపోలేదు.
మరి ఆయన వెతికేది దేన్ని?"

పెద్దవాళ్లు అడిగితే
ఏదో ఒక వచనం చూపించి తప్పుకునేదాన్ని.

ఒక ఎముక తీసుకుని జిగురు రాశాను.
దూది అంటుకోలేదు. మళ్లీ రాశాను.
ఎముక నున్నన. దేన్నీ పట్టుకోదు.
తుమెన్ తన చేతితొడుగు అంచు విప్పి
ఊలు దారం లాగి ఇచ్చాడు.
దూది చుట్టి, దారం చుట్టి, మెడ దగ్గర ముడి.
ఒకటి. ఇంకొకటి.
ఇరవై నిమిషాలు ఎప్పుడు దాటాయో తెలీదు.
బయట ఎవరి నాన్నో మోటార్‌సైకిల్ హారన్ కొట్టాడు,
కొట్టీ కొట్టీ లోపలికొచ్చాడు,
తిట్టబోయి ఆగి, టోపీ తీసి,
ఒక ఎముక చేతిలోకి తీసుకున్నాడు.

నలభై ఎనిమిది దగ్గర దూది అయిపోయింది.
తుమెన్ తొడుగులో బొటనవేలు ఒక్కటే మిగిలింది.
ఇంకా పదిహేను, తెల్లగా, వట్టిగా.
ఎనెబిష్ వాటిని సంచిలో వేసుకోలేదు.
కుక్కకి దగ్గరగా జరిపాడు.

రాత్రి పట్నానికి చీటీ రాశాను.
హాజరు తొమ్మిది, ఒక తండ్రి.
పాఠం పూర్తి కాలేదు.
వచ్చే వారం యోనా, పెద్ద చేప, అని ఉంది కాగితంలో,
వీళ్లలో ఎవరూ సముద్రం చూడలేదు,
కాస్త ఆగాలి.
దూది పంపండి.
జిగురు అక్కర్లేదు.